‘బై’ రాయాలా, ‘అన్‌టిల్’ రాయాలా?

“ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అన్‌టిల్ ఫ్రైడే” అని మెయిల్ పెడితే మేనేజర్ తప్పన్నారని అడిగారు కదండీ. దానికి, శుక్రవారం దాకా రిపోర్టు పంపుతూనే ఉంటానని అర్థం వస్తుంది. మీకు కావలసింది ‘బై ఫ్రైడే’.

ముందు తెలుగులో అనుకోండి. ‘లోపు’, ‘కల్లా’ వస్తే బై. ‘దాకా’ వస్తే అన్‌టిల్. సబ్మిట్, ఫినిష్, రీచ్ లాంటి ఒక్కసారితో అయిపోయే పనులకు బై; వెయిట్, స్టే లాంటి సాగే పనులకు అన్‌టిల్. కాకపోతే ‘డోంట్’ చేరితే లెక్క మారుతుంది: “డోంట్ సెండ్ ఇట్ అన్‌టిల్ ఫ్రైడే” సరైనదే, శుక్రవారం వచ్చేదాకా పంపొద్దని.

మనవాళ్లు బోల్తాపడేది ‘లోపు’ దగ్గరే. ‘విదిన్ ఫ్రైడే’ అని రాసేస్తారు. విదిన్ పక్కన వారం పేరు రాదు, వ్యవధి రావాలి: ‘విదిన్ త్రీ డేస్’. “ఐ విల్ సెండ్ ఇట్ ఇన్ త్రీ డేస్” అంటే మూడు రోజులయ్యాక అని కూడా అనుకుంటారు, గడువు చెప్పడానికి అది వద్దు.

‘బై ఫ్రైడే’లో మామూలుగా శుక్రవారం కూడా కలిసే ఉంటుంది. పేచీ ఎందుకనుకుంటే ‘బై 5 పీఎం ఆన్ ఫ్రైడే’ అని టైమ్‌తో సహా రాసేయండి.