కరెంటు కంపెనీ చేతులు మారితే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిస్కంలను (కరెంటు పంపిణీ కంపెనీలను) ప్రైవేటుకిస్తే ఒడిశాలో మొదటిసారి బెడిసికొట్టింది, ఢిల్లీలో నష్టాలు తగ్గాయి. తేడా ఎక్కడొచ్చింది? (ఇచ్ఛాపురం పాఠకుడు)

జవాబు: తేడా నష్టాన్ని లెక్కగట్టడంలోనే వచ్చింది. డిస్కం 100 యూనిట్లు కొని 80కి బిల్లు వేసిందనుకోండి. ఆ బిల్లుల్లో నూటికి తొంభై రూపాయలే వసూలైతే, 80లో తొంభై శాతం, అంటే 72 యూనిట్లకే డబ్బు చేతికొచ్చినట్టు. మిగతా 28 శాతం ఏటీ అండ్ సీ (సాంకేతిక, వాణిజ్య) నష్టం. తీగల్లో వేడిగా పోయేది, కొక్కేలేసి లాక్కునేది, తిరగని మీటరు, మొండి బకాయి అన్నీ అందులోనే.

ఒడిశా 1999లో నాలుగు డిస్కంల్లో 51 శాతం చొప్పున వాటాలు అమ్మింది. మీటర్లే సరిగా లేనప్పుడు నష్టమెంతో ఎవరికి తెలుసు? విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) 35 శాతం నష్టమే ఒప్పుకుని కరెంటు ధర కట్టింది. అసలు నష్టం అంతకు మించి ఉంది. ఆ తేడా కంపెనీల నెత్తిన పడింది. ప్రభుత్వం నుంచి ఆసరా లేదు. పైగా భువనేశ్వర్, కటక్ ప్రాంతాన్ని అమెరికా కంపెనీ ఏఈఎస్ తీసుకున్న కొద్ది వారాలకే, అక్టోబరు 29న, సూపర్ సైక్లోన్ స్తంభాలు పడగొట్టింది. 2001లో ఆ కంపెనీ వెళ్లిపోయింది. మిగతా మూడింటి లైసెన్సులు 2015లో రద్దయ్యాయి. 2020, 21లలో నాలుగూ టాటా పవర్ చేతికొచ్చాయి.

ఢిల్లీ 2002లో వాటా ధర మీద కాదు, ఐదేళ్లలో నష్టం ఎంత తగ్గిస్తారన్న దాని మీద బిడ్లు పిలిచింది. మధ్యకాలం గట్టెక్కడానికి ప్రభుత్వం 3,450 కోట్ల అప్పు కూడా ఇచ్చింది. అసలు కిటుకు ఇదే.

ప్రశ్న: రేట్లు కంపెనీ ఇష్టమేనా?

జవాబు: కాదు, ఈఆర్సీయే ఖరారు చేస్తుంది. అయితే ధర పెంచకుండా ఆపిన ఖర్చు మాఫీ అయిపోదు. రెగ్యులేటరీ అసెట్ పేరుతో ఖాతాలో చేరి వడ్డీ పెరుగుతుంది. ఢిల్లీలో అది 27 వేల కోట్లు దాటింది.

ప్రశ్న: వ్యవసాయానికి ఉచిత కరెంటు పోతుందా?

జవాబు: పోవాలని లేదు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం సబ్సిడీ డబ్బు ముందే కట్టాలి. కట్టకపోతే ఆ రాయితీ వర్తించదు. మీటర్లు లేని మోటార్ల వాడకం మాత్రం అంచనా లెక్కే. అంచనా పెంచి రాస్తే దొంగ కరెంటు కూడా అందులో కలిసిపోయి నష్టం తక్కువగా కనిపిస్తుంది. ఎక్కడైనా అమ్మకం మాటొస్తే ముందు ఆ అంచనా ఎలా కట్టారో, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి చూశారో ఈఆర్సీ బహిరంగ విచారణలో రాతపూర్వకంగా అడగండి.