మడత ముక్కల బొంత మీద ఫ్రీ మోషన్ కుట్టు వేస్తే మడతలు అణిగిపోతున్నాయి, ఏం చేయాలి?

మడిచిన త్రికోణాలు పైకి లేచి కనిపించేలా బొంత కుట్టానని, తీరా ఫ్రీ మోషన్ (బట్టను మెషిన్ లాగకుండా మనమే చేత్తో ఏ వైపుకైనా జరుపుతూ వేసే కుట్టు) వేశాక అవి చదునైపోయాయని, ఫుట్ (సూది చుట్టూ ఉండే మెషిన్ పాదం) కూడా మడతల్లో ఇరుక్కుంటోందని రాశారు. నాకు సరిగ్గా ఇదే జరిగిందండీ.

అక్క కూతురి కోసం 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవుతో బొంత మొదలుపెట్టాను. మూడు నిలువు వరసలు, వరసకు 16 త్రికోణాలు, మధ్యలో సాదా పట్టీలు. పై బట్ట, లోపలి మెత్తటి పొర, అడుగు బట్ట మూడూ కలిపి పిన్నులు పెట్టి, ఒక వరస మీద త్రికోణాలనీ పట్టీలనీ చూడకుండా ఒకే తీరుగా వంకీలు తిప్పుకుంటూ పోయాను. ఆపి చూస్తే మామూలు అతుకుల బొంతలా ఉంది. ఆ వరస కుట్లు ఊడదీయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఊడదీస్తున్నప్పుడే విషయం తెలిసింది. మడత ఒక్కటే ఎత్తు ఇవ్వదు. దాని చుట్టూ ఉన్న బట్ట కిందకు దిగితేనే అది లేచినట్టు కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు పట్టీల మీద, త్రికోణాల పక్కనున్న ఖాళీల్లో కుట్టు బాగా దగ్గరగా వేస్తాను, వంకీకీ వంకీకీ మధ్య పావు అంగుళం మించనివ్వను. త్రికోణం మీద మాత్రం ఒక్క కుట్టు కూడా వేయను. కుట్టిన చోట లోపలి పొర అణుగుతుంది, వదిలేసిన చోట అది ఉబ్బి మడతను పైకి నెడుతుంది.

మీరు త్రికోణాలు ఎలా చేశారో రాయలేదు. నేను చేసే పద్ధతి ఇది: 3½ అంగుళాల చదరాలు రెండు, 6½ × 3½ ముక్క ఒకటి. పొడుగు ముక్కను మంచి వైపు బయటికి ఉండేలా సగానికి మడిచి, రెండు చదరాల మధ్య పెట్టాలి. చదరాల మంచి వైపులు లోపలికి ఉండాలి. కింది అంచులన్నీ కలిస్తే పైన మడత పావు అంగుళం దిగువన ఉంటుంది. ఒక పక్క పావు అంగుళం లోపలికి కుట్టి విప్పితే త్రికోణం తనంతట తానే విచ్చుకుంటుంది. చూడటానికి ఎంత బాగుంటుందో! ఆ కుట్టు దగ్గర నాలుగు పొరలు ఉంటాయి కాబట్టి దాన్ని రెండు వైపులకూ విడదీసి ఇస్త్రీ చేయండి, ఒకే వైపుకు పడేస్తే సూది అక్కడ తడబడుతుంది.

బట్టకు ముందు గంజి పెట్టండి. ఇది మాత్రం వదలొద్దు. పాత నూలు చీర ఎంత మెత్తగా ఉన్నా, పల్చటి బియ్యం గంజి పెట్టి కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మడత కాగితంలా నిలుస్తుంది. జాకెట్ లైనింగ్ లాంటి జారే పల్చటి బట్ట కన్నా పాప్లిన్ నయం.

ఇక ఫుట్ సంగతి. ఫుట్ అంచు మడత కిందకి దూరేది మనం ఖాళీలోంచి మడత వైపు ఎదురుగా వచ్చినప్పుడే. మడత పక్కనే, దానికి సమాంతరంగా వెళ్తే దూరదు. మూలల్లో కొబ్బరి ఈనెతో మడతను త్రికోణం మీదకు వెనక్కి నొక్కి పట్టుకోండి. సూది పొరపాటున తగిలినా ఈనె తెగుతుందంతే, సూది విరగదు. ఎడమ చేత్తో ఈనె, కుడి చేత్తో బట్ట. ఈనె పట్టినంతసేపూ చాలా నెమ్మదిగా తొక్కాలి.

అడుగున దారం ఉండలు కడుతోందని కూడా అన్నారు. ముందు ప్రెషర్ లివర్ (ఫుట్‌ను పైకీ కిందకీ కదిపే మీట) దించారో లేదో చూడండి. ఈ ఫుట్ బట్టకు కాస్త పైనే ఆడుతుంది కాబట్టి లివర్ దించడం మర్చిపోతాం, అప్పుడు పై దారానికి టెన్షన్ (బిగువు) ఉండదు. సూది కింద బట్టను జరిపే పళ్ళను కిందకు దించే వీలు లేని మెషిన్ అయితే కుట్టు పొడవు సున్నాకు పెట్టి, పళ్ళ మీద సూదికి దారి వదిలి పల్చటి అట్టముక్క అతికించండి. టైలరింగ్ సెంటర్‌లో ఫుట్ తీసేసి, రింగు బిగించి పువ్వులు కుట్టడం నేర్చుకుని ఉంటే మీ చేతులకు ఇది తెలిసిన పనే. కాలి వేగం ఒకేలా ఉంచి, చేతిని నింపాదిగా కదపాలి.

మడత ముక్కలు పరాయి విద్య కూడా కాదు. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ మహిళలు చేత్తో కుట్టే కవందీ బొంతలకు మూలల్లో మడిచిన చిన్న ముక్కలు పెడతారు. వాటిని పువ్వులు అనే పిలుస్తారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టే కాదు వాళ్ళకి.

మీరు మొత్తం ఊడదీయక్కర్లేదు. పట్టీల మీదవి అలాగే ఉంచి, త్రికోణాల మీది కుట్లు మాత్రమే తీయండి. వెనక వైపు నుంచి మూడు నాలుగు కుట్లకొకటి తెంపితే, ముందు వైపు దారం లాగగానే వచ్చేస్తుంది. తర్వాత మడతల మీద నీళ్ళు చిలకరించి, ఒక్కోదాన్నీ వేలితో పైకి లేపి, అలాగే ఆరనివ్వండి. సూది రంధ్రాలు కూడా చాలావరకు మూసుకుపోతాయి.