విశ్వపు తొలి విస్తరణ రుజువైందా?

ప్రశ్న: విశ్వం పుట్టిన తొలి క్షణంలో కాంతిని మించిన వేగంతో విస్తరించిందని ఆలన్ గూత్ అనే శాస్త్రవేత్త చెప్పారని చదివాను. కాంతి వేగాన్ని ఏదీ మించలేదు కదా? పైగా ఎవరూ చూడని ఆ ఘటనను రుజువు చేయడం ఎలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాంతి వేగమనే హద్దు అంతరిక్షంలో ప్రయాణించే వస్తువులకూ సంకేతాలకే గాని, అంతరిక్షమే సాగిపోతున్నప్పుడు రెండు చోట్ల మధ్య పెరిగే దూరానికి వర్తించదు. కాబట్టి ఇందులో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతానికి విరుద్ధమైనదేమీ లేదు.

నిజానికి గూత్ మొదట వెతికింది విశ్వం పుట్టుక రహస్యాన్ని కాదు. ఒకే ధ్రువం గల అయస్కాంత కణాలు తొలి విశ్వంలో కుప్పలుతెప్పలుగా పుట్టి ఉండాలని అప్పటి కణభౌతిక సిద్ధాంతాలు చెబుతుండగా, అవి ఎక్కడా ఎందుకు కనిపించడం లేదన్నదే ఆయనకూ, హెన్రీ టై అనే సహచరుడికీ ఎదురైన చిక్కు. 1979 డిసెంబరులో ఒక రాత్రి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలో పనిచేస్తున్న రోజుల్లో, గూత్ ఆ లెక్కలను ముందుకు నడిపించారు. చల్లబడుతున్న విశ్వం మారవలసిన స్థితికి మారకుండా కాసేపు నిలిచిపోతే, అందులో చిక్కుకున్న శక్తి గురుత్వాకర్షణను వికర్షణగా మార్చి, విశ్వాన్ని మళ్లీ మళ్లీ రెట్టింపు చేస్తుందని తేలింది. నోటుపుస్తకంలో ఆయన దాన్ని ‘అద్భుతమైన గ్రహింపు’ అని రాసుకుని, ఆ మాటల చుట్టూ గీతలు గీశారు. భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ అంతకుముందు అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ ఉపన్యాసంలో లేవనెత్తిన ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది. ఆ ప్రశ్న ఇదీ: విశ్వం నేటి రూపంలో ఉండాలంటే, పుట్టిన ఒక సెకనుకు దాని సాంద్రత ఒక కీలక విలువతో దాదాపు పదిహేను దశాంశ స్థానాల వరకు సరిపోవాలి; అంత కచ్చితమైన పొంతన ఎలా కుదిరింది? అంతగా సాగిన విశ్వంలో ఆ పొంతన దానంతటదే వస్తుంది.

ఈ విస్తరణ సజావుగా ముగియదన్న లోపాన్ని 1981 నాటి తన పత్రంలో గూత్ స్వయంగా ఒప్పుకున్నారు. నా దృష్టిలో ఆ నిజాయితీ ఆవిష్కరణ అంత గొప్పది. ఆండ్రీ లిండే, విడిగా ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, పాల్ స్టైన్‌హార్ట్ కలిసి ఆ లోపాన్ని సరిదిద్దారు.

ఇక రుజువు సంగతి. తొలి విశ్వపు వేడికి మిగిలిన జాడగా విశ్వమంతటా నిండిన 2.7 కెల్విన్ల (పరమ శూన్య ఉష్ణోగ్రతకు కాస్త పైన) నేపథ్య వికిరణంలో లక్షలో ఒక వంతు మేర ఉన్న హెచ్చుతగ్గులను 1992లో కోబ్ ఉపగ్రహ బృందం ప్రకటించింది. తర్వాత ప్లాంక్ ఉపగ్రహం మరింత సూక్ష్మంగా కొలవగా, వాటి తీరు ఈ సిద్ధాంతం ఊహించినట్లే ఉంది. అయితే ఆ విస్తరణ మిగిల్చి ఉండవలసిన గురుత్వ తరంగాల (అంతరిక్షంలోనే పుట్టే అలల) జాడ ఇంకా దొరకలేదు. 2014లో దక్షిణ ధ్రువం నుంచి బైసెప్-2 అనే టెలిస్కోపు బృందం అది దొరికిందని ప్రకటించినా, ఆ సంకేతానికి మన పాలపుంతలోని ధూళే కారణం కావచ్చని తర్వాతి పరిశీలనలు చూపాయి. అందుచేత దీన్ని బలమైన ఆధారాలున్న సిద్ధాంతం అనాలే తప్ప, రుజువైన సత్యం అనడానికి వీల్లేదు. ఒకప్పుడు దీన్ని నిలబెట్టిన స్టైన్‌హార్టే నేడు దీని ప్రధాన విమర్శకులలో ఒకరు.