అలంపూర్‌లో పాత మిద్దె: కూలగొట్టారో, కట్టుకునే వీలే పోతుంది

ప్రశ్న: అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాల దగ్గర మా తాతల నాటి మట్టి మిద్దె ఉంది. వానొస్తే కారుతోంది. పడగొట్టి అదే జాగాలో రెండంతస్తులు కట్టుకుందామని ఉంది. మున్సిపాలిటీ అనుమతి ఒక్కటి చాలని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: చాలదు. గునపం పడకముందే అడిగారు, అదే నయం.

ఆ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గుడి గోడ నుంచి టేపు పట్టి ‘110 వచ్చింది, బయటపడ్డాం’ అనుకోవద్దు. రక్షిత హద్దు గుడి గోడకు బాగా ఇవతల ఉండొచ్చు. ఆ హద్దు ఎక్కడుందో పురావస్తు శాఖ ప్లాన్‌లో చూసుకున్నాకే కొలవండి.

ఇల్లు 100 మీటర్ల లోపల ఉంటే మీకు దొరికేది మరమ్మతు అనుమతి మాత్రమే. అదీ 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టినదానికి. దూలాలు మార్చడం, పైకప్పు బాగుచేయడం, గోడలకు పూత, ఇలాంటివి అడగొచ్చు. పడగొట్టి తిరిగి లేపడం చట్టం దృష్టిలో మరమ్మతు కాదు, అదే కొలతలతో కట్టినా సరే. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతాను: ఇల్లు నేలమట్టమైన రోజున మీ చేతిలో మిగిలేది ఖాళీ జాగా. అందులో కొత్త కట్టడానికి అనుమతి రాదు.

ఇల్లు 1992కు ముందుదని చూపడానికి పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్టర్డ్ దస్తావేజు వెతికి పెట్టుకోండి. కారుతున్న కప్పు, పగిలిన గోడలు ఇప్పుడున్నవి ఉన్నట్టే ఫొటోలు తీయించండి.

ఇల్లు 100 దాటి, 300 లోపల ఉందా? అప్పుడు రెండంతస్తులకూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఎత్తు ఎంతవరకన్నది అనుమతిచ్చే అధికారుల నిర్ణయం.

మరమ్మతుకైనా, కొత్త కట్టడానికైనా దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకే, అంటే ఈ చట్టం కింద అనుమతులిచ్చే అధికారికే. వాళ్లు 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెలలోపు మీకు జవాబు రావాలి. కాగితాలు తక్కువైతే ఫైలు ఆగుతుంది, వానాకాలం లెక్క వేసుకుని ముందే పెట్టండి.

అనుమతి లేకుండా నిషిద్ధ ప్రాంతంలో కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నోటీసు మీ పేరున వస్తుంది, మేస్త్రీ పేరున కాదు.