"రాజుగారు నీళ్ళెక్కడ తాగేవాళ్ళు సార్?"

ప్రశ్న: మాది పలమనేరు. దసరా సెలవుల్లో తిరుమలకు వస్తున్నాం. దర్శనమయ్యాక ఒక పూట మిగులుతుంది. చంద్రగిరి విజయనగర రాజుల రాజధాని అని మా అబ్బాయి చదివి, చూద్దామంటున్నాడు. "రెండు పాత బిల్డింగులు తప్ప ఏముందక్కడ" అంటారు మా ఆయన. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళడం దండగేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: దండగ కానే కాదమ్మా. మీరు ఇంటికెళ్ళే చిత్తూరు దారిలోనే, తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే ఉంది. అయితే కోటకు చేరగానే నేరుగా రాజ మహల్‌లోని మ్యూజియంలోకి వెళ్ళకండి. సోషల్ టీచరుగా నేను మొదటిసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆ తప్పే చేశాను. ఒక్కో విగ్రహం దగ్గరా నిలబెట్టి రెండు గంటలు చెప్పాను. బయటికొచ్చాక ఒక పిల్లాడు అడిగాడు: "రాజుగారు నీళ్ళెక్కడ తాగేవాళ్ళు సార్?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

అందుకే ముందు కోటలోనే ఉన్న రాణి మహల్ వెనక్కి వెళ్ళండి. అక్కడ దిగుడు బావి ఉంది, వాళ్ళ రోజువారీ వాడుక నీళ్ళు దాన్లోవే. అక్కడి నుంచి తలెత్తితే వెనకాల నిట్టనిలువు బండ కొండ, చుట్టూ రాతి గోడ. ఊరికి అవతల స్వర్ణముఖి. మా చిన్నప్పుడు ఎండాకాలంలో ఆ ఇసుకలో మోచేతి లోతు చెలమ తీస్తే చాలు, నీళ్ళు ఊరేవి. అవి తేటపడేదాకా బిందె పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళం. కొండ, నీళ్ళు, పండే కయ్యలు, పక్కనే వెంకన్న. రాజు ఇక్కడికెందుకొచ్చాడో మీ అబ్బాయి తనే చెప్తాడు.

1565 తళ్ళికోట యుద్ధంతో విజయనగర రాజుల రాజధాని హంపి పోయింది. రాజధాని పెనుగొండకు మారింది. అక్కడా గోల్కొండ సైన్యాల ఒత్తిడి పెరిగాక వెంకటపతిరాయలు చంద్రగిరికి వచ్చాడు. 1586 నుంచి 1614 దాకా ఏలిన రాజాయన. తర్వాత 1639లో మద్రాసు తీరాన ఇంగ్లీషు కంపెనీకి చోటిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు కూడా చంద్రగిరి రాజుకు లోబడినవాడే. చెన్నై కథ మొదలైంది అక్కడే. మీ ఆయనకు ఇది తప్పకుండా చెప్పండి.

రాజ మహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కొయ్య వాడలేదు. లోపలికి వెళ్ళగానే గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా తగుల్తుంది. ఆ మందం చూస్తే పిల్లలు నోరు తెరుస్తారు. అత్తగారిని కింది అంతస్తులోనే తిప్పండి, పై అంతస్తుల మెట్లతో పనిలేదు. కొండెక్కాలనే ఆలోచన మాత్రం వద్దు.

తిరుపతి నుంచి చంద్రగిరికి వచ్చే దారిలో శ్రీనివాస మంగాపురం గుడి చూసి రండి. ఆగిపోయిన పూజల్ని 1540లో అన్నమయ్య మనవడు తాళ్ళపాక చిన తిరుమలాచార్యులు మళ్ళీ మొదలుపెట్టించినట్టు అక్కడ శాసనం ఉంది. తాత పాటలు అందరికీ తెలుసు, మనవడు నిలబెట్టిన గుడి సంగతి చాలామందికి తెలియదు. నాకు అదే బాధ. ఆ పక్కనే శ్రీవారి మెట్టు. పెద్దావిడతో ఎక్కలేరు గానీ మొదటి మెట్టు దగ్గర ఆగి, ఇది చంద్రగిరి వైపు నుంచి కొండకు పాత దారి అని పిల్లాడికి చూపించండి.

మధ్యలో కయ్యల పక్కన కాసేపు బండి ఆపండి. దసరాకి కొత్త చెనక్కాయలు వస్తుంటాయి, దారి పక్కన ఉడకబెట్టి అమ్ముతుంటే ఒక పొట్లం కొనుక్కోండి. మట్టి వాసన పోకముందే తినాలవి.

శుక్రవారం మాత్రం పెట్టుకోకండమ్మా, మ్యూజియానికి సెలవు.