టెక్ సందేహాలు: అమ్మ కాల్ రావాలి, ఆఫర్లు రాకూడదు

ఈ వారం బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఫోన్ పనిచేయడం లేదని కాదు, పని చేయనివ్వడం లేదని. అలాంటివి నాలుగు తీసుకున్నాను.

మారతహళ్లి నుంచి ఒక టెస్టింగ్ ఇంజినీర్: ఫోన్ సైలెంట్‌లో పెడితే ఒంగోలు నుంచి అమ్మ చేసే కాల్స్ మిస్సవుతున్నాయి. నాన్నకి ఈమధ్యే స్టెంట్ వేశారు, అదో టెన్షన్. సైలెంట్ తీసేస్తే ఫ్యామిలీ గ్రూపులు, ఆఫర్లు, క్రికెట్ స్కోర్లు. మంచి యాప్ ఏదైనా చెప్పండి.

ఫోన్ గోల తగ్గించడానికి ఫోన్‌లోకి ఇంకో యాప్ తేవడం నాకిష్టం లేదు. ‘ఈరోజు మీ ఏకాగ్రత ఎంతో చూసుకోండి’ అని రేపట్నుంచి అదీ ఓ నోటిఫికేషన్ పంపుతుంది. మీకు కావలసింది ఫోన్‌లోనే ఉంది: డు నాట్ డిస్టర్బ్. కొన్ని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘మోడ్స్’ కింద కనిపిస్తుంది. సైలెంట్ అందరి నోరూ ఒకేసారి మూసేస్తుంది. డు నాట్ డిస్టర్బ్ మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది, ఎవరిని లోపలికి పంపాలో మీరు చెప్పి పెట్టాలి.

కాంటాక్ట్స్‌లో అమ్మకీ నాన్నకీ, పక్కింటి వాళ్లకీ, డాక్టరుగారి క్లినిక్‌కీ స్టార్ పెట్టండి. డు నాట్ డిస్టర్బ్‌లో కాల్స్ దగ్గర స్టార్ ఉన్నవాళ్లను మాత్రమే అనుమతించండి. షెడ్యూల్‌లో ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా పెట్టేస్తే రోజూ గుర్తుపెట్టుకునే పని ఉండదు. రింగర్ మాత్రం సైలెంట్‌లో ఉండకూడదు, ఉంటే అమ్మ కాల్ కూడా మోగదు. ఐఫోన్ అయితే 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ఫోకస్‌లో ‘వర్క్’ తీసుకుని మనుషుల్ని ఎంచుకోవాలి. పక్కన బటన్‌తో సైలెంట్ చేసే అలవాటుంటే, అమ్మ కాంటాక్ట్ ఎడిట్ చేసి రింగ్‌టోన్‌లో ‘ఎమర్జెన్సీ బైపాస్’ ఆన్ చేయండి. అప్పుడు సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది.

ఇక్కడ నేనొకసారి దెబ్బతిన్నాను. కిందటేడు అన్నీ పక్కాగా పెట్టుకున్నాననుకుని, మా బావగారు ఆస్పత్రి నుంచి వేరేవాళ్ల ఫోన్‌తో చేసిన కాల్ పోగొట్టుకున్నాను. తెలియని నంబరు కదా, మోగలేదు. ‘రిపీట్ కాలర్స్’ ఆన్ చేసి ఉంటే రెండోసారి చేసినప్పుడు మోగేది. ఆండ్రాయిడ్‌లో అదే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వస్తే వదులుతుంది, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో రావాలి. ఇంట్లోవాళ్లకి ఒక్కమాట చెప్పండి: ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చేయమని. వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చేయమనండి, వాట్సాప్ కాల్స్ విషయంలో అన్ని ఫోన్లూ ఒకేలా ప్రవర్తించవు. మీరు టెస్టింగ్‌లోనే ఉన్నారు కాబట్టి వేరే చెప్పనక్కర్లేదు: సెట్ చేశాక అమ్మచేత రెండు కాల్స్ చేయించి చూడండి.

ఇక ఆఫర్ల సంగతి. యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేస్తే బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో తెలియదని చాలామంది భయం. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో రకం నోటిఫికేషన్‌ని విడిగా ఆపుకోవచ్చు. ఈసారి ఆఫర్ వచ్చినప్పుడు విసుక్కుంటూ పక్కకి తోసేయకుండా దానిమీద వేలు నొక్కి పట్టుకోండి. అది ఏ రకమో చూపిస్తుంది, ఆ రకాన్ని ఆపేయండి. ఆర్డర్ కబుర్లు వస్తూనే ఉంటాయి. కొన్ని యాప్‌లు తెలివిగా అన్నిటినీ ఒకే రకంలో కలిపేస్తాయి. వాటిమీద జాలి వద్దు, మొత్తం ఆపేయండి.

వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూప్‌ను ‘ఆల్వేస్’ మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి ట్యాగ్ చేస్తే మాత్రం మోగుతుంది, అది మంచిదే. గ్రూపులోంచి చడీచప్పుడు లేకుండా బయటికి వచ్చేయొచ్చని 2022 నుంచి ధీమాగా ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక: వెళ్లిపోయిన సంగతి అప్పటికప్పుడు అడ్మిన్లకే తెలుస్తుంది గానీ, గత 60 రోజుల్లో వెళ్లినవాళ్ల జాబితా గ్రూపులో ఎవరైనా చూడొచ్చు. సంక్రాంతికి ఊరెళ్లేలోపు బాబాయ్ చూశారో, ఇక మీ ఇష్టం.

వైట్‌ఫీల్డ్ నుంచి ఒక డేటా అనలిస్ట్: ఫోన్ డ్రాయర్‌లో పెట్టమని అందరూ చెబుతారు. ఆఫీస్ లాగిన్‌కి రోజుకి ఐదారుసార్లు ఫోన్‌లోనే అప్రూవ్ చేయాలి. అప్రూవ్ చేయడానికి పది సెకన్లు, ఆ చేత్తోనే రీల్స్ ఇరవై నిమిషాలు. ఏం చేయాలి?

అమ్మా, మీది నిజమైన ఇబ్బంది. మనసు గట్టిది కాదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద ఫోకస్ మోడ్ ఉంది. రీల్స్ యాప్‌లనీ యూట్యూబ్‌నీ అందులో చేర్చితే ఆ సమయంలో వాటి గుర్తులు బూడిదరంగులోకి మారిపోతాయి, నొక్కినా తెరుచుకోవు. అప్రూవ్ చేసే యాప్‌ని చేర్చకండి, అది మామూలుగా పనిచేస్తుంది. దీని బలహీనత ఏమిటంటే ‘ఐదు నిమిషాలు బ్రేక్’ అనే బటన్ కూడా అందులోనే పెట్టారు. దొంగకి తాళం చెవి ఇచ్చినట్టే. ఆ బటన్‌కి లొంగిపోయేవాళ్లయితే సోమవారం పొద్దున యాప్ తీసేసి శుక్రవారం సాయంత్రం మళ్లీ వేసుకోండి. నేనదే చేస్తాను.

మీ ఐటీ విభాగాన్ని ఒకమాట అడగండి: ఫోన్ బదులు యూఎస్‌బీలో గుచ్చే సెక్యూరిటీ కీ ఇస్తారేమో. ఇస్తే ఫోన్‌ని నిజంగానే బ్యాగులో పడేయొచ్చు. ఎస్ఎంఎస్ ఓటీపీల కోసం గూగుల్ మెసేజెస్‌ని ల్యాప్‌టాప్‌కి జత చేసుకోవచ్చు గానీ, ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి వద్దంటాను. మీ బ్యాంకు ఓటీపీలూ అందులో కనబడతాయి.

ఎదురుగా ఉన్న ఫోన్ మోగకపోయినా మెదడు మీద భారమేనా అన్న ప్రశ్న మీద అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. సుమారు 800 మంది పాల్గొన్నారు. ఫోన్ వేరే గదిలో పెట్టినవాళ్లు బల్లమీద పెట్టుకున్నవాళ్లకంటే పరీక్షలు బాగా చేశారు. తర్వాతి అధ్యయనాలన్నిట్లోనూ అదే ఫలితం రాలేదు, అందుకని దాన్ని వేదవాక్కుగా తీసుకోకండి. డ్రాయర్‌లో పెడితే పోయేదీ లేదు.

ఇంకోటి. టీకి దిగినప్పుడు యూపీఐ కోసం ఫోన్ తీయడంతోనే చాలామంది కథ మొదలవుతుంది. జేబులో నాలుగు పది నోట్లు పెట్టుకోండి.

బీటీఎం లేఅవుట్ నుంచి: స్క్రీన్‌ని నలుపు తెలుపు చేస్తే ఫోన్ చూడాలనిపించదట. నిజమేనా?

కొందరికి నిజం. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ కరెక్షన్‌లో గ్రేస్కేల్, ఐఫోన్‌లో కలర్ ఫిల్టర్స్. నేను మూడు రోజులు తట్టుకున్నాను. నాలుగోరోజు సరుకుల యాప్‌లో మామిడికాయ పచ్చిదో పండిందో తెలియక తీసేశాను.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి: సరిగ్గా మీటింగ్‌లో ఉండగానే లోన్ కావాలా అని కాల్స్. బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి వస్తాయి.

ఒక్కో నంబరూ బ్లాక్ చేస్తూ పోతే అంతుండదు. 1909కి కాల్ చేసి, లేదా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) యాప్‌లో, ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకోండి. కొన్ని విభాగాలు మాత్రమే వద్దనే వీలూ ఉంది. బ్యాంకు ఓటీపీలకి దీనివల్ల ఇబ్బంది రాదు. 140తో మొదలయ్యేవి ప్రచార కాల్స్, బ్యాంకుల లాంటి సంస్థల సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పదంకెల నంబరు నుంచి లోన్ అమ్మబోయేవాళ్ల మీద అదే యాప్‌లో ఫిర్యాదు చేయండి. అందుకు ఇంతకుముందు 3 రోజులే గడువుండేది, 2025లో 7 రోజులు చేశారు. కాబట్టి మీటింగ్ మధ్యలో ఆవేశపడకుండా కట్ చేసేయండి. శనివారం కాఫీ తాగుతూ వారం కాల్స్ అన్నిటిమీదా ఒకేసారి పెట్టొచ్చు.