ఇస్తాంబుల్ పోతున్న బిడ్డకు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీకు ఆఫీసోళ్లు ఇస్తాంబుల్‌ల నెల రోజుల ట్రైనింగ్ వేసిన్రని. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చింది, ఒక్కతే ఎట్లుంటదో అక్కా, తెలిసినోళ్లు ఒక్కరన్న లేరాయె అని. ఇప్పుడు లేరు సరే, పోయినంక అయితరు గదనే అన్న. 2018ల మీ అన్న అక్కడ కొలువు చేస్తున్నప్పుడు నేను, మీ పెదనాయిన రెండు నెలలున్నం గదా. అన్న పొద్దుగాల పోతె మళ్ల రాత్రికే ఇల్లు, పెదనాయినకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ ఇంట్లనే ఉండె, ఇగ రోజూ నేను ఒక్కదాన్నే తిరిగిన. టర్కీ మాట ఒక్కటి రాకపోయె. తిరిగొచ్చేనాడు నన్ను పట్టుకొని ఏడ్చినోళ్లు నలుగురున్నరు. ఎట్ల కలిసిన్రో రాస్తున్న, ఫోన్ల చెప్తె సగం మర్చిపోత.

ముందుగాల ఇది మనసుల పెట్టుకో. నిన్ను దేవులాడుకుంట వచ్చేటోళ్లు వేరే, నువ్వే పోయి పలకరించేటోళ్లు వేరే. సుల్తానహ్మెత్ దిక్కు, తక్సిమ్ దిక్కు టూరిస్టులు మస్తుంటరు, అక్కడ నీ పక్కపొంటి నడుసుకుంట "మై ఫ్రెండ్, ఏ దేశం" అనేటోడు వాని పని మీద వచ్చినోడు. కార్పెట్ల దుకాణపోళ్లు లోపటికి పిలిచి చాయ్ పోస్తరు, అండ్ల తప్పేం లేదు, మన చీరల షాపుల కూల్‌డ్రింక్ ఇచ్చినట్టే. కని వేరే రకపోళ్లు కూడ ఉన్నరు. ఒకనాడు మేమిద్దరం నడుస్తుంటె మా ముందల బూట్లు తుడిచేటాయిన బ్రష్ కింద పడేసుకొని పోతుండు, మీ పెదనాయిన పాపం వంగలేక వంగి తీసి ఇచ్చిండు. ఆయిన దండం పెట్టి, థాంక్స్ అని, అక్కడ్నే కూసోపెట్టి బూట్లు తుడుసుడు మొదలువెట్టిండు, ఫ్రీ ఫ్రీ అన్నడు, అయిపోయినంక పిల్లకు పానం బాగలేదని పైసలడిగిండు, ఇచ్చేదాంక ఇడిచిపెట్టలే. తర్వాత మీ అన్న చెప్తె తెలిసింది, బ్రష్ కావాలనే పడేస్తరట. ఇంకోటి, ఒంటరిగ తిరిగేటోళ్లతోని మంచిగ మాట కలిపి బార్లకు తీస్కపోయి ఇంతంత బిల్లు చేతుల పెడ్తరు, ఎక్కువ మగపిల్లలకే చేస్తరు గని నువ్వు కూడ గంట కింద కలిసినోళ్లతోని రెండో జాగకు పోవద్దు. ఎవరన్న సతాయిస్తె 112 కొట్టు, అక్కడ పోలీసులకు, అంబులెన్సుకు అన్నిటికి గదే నంబరు. భయపెట్టనీకె రాస్తలేను బిడ్డా, ఇది తెలిస్తె మిగిలినోళ్లతోని ధైర్నంగ మాట్లాడ్తవని.

మరి మంచోళ్లు యాడ దొర్కుతరంటె, వాళ్లు రోజూ పోయే కాడ. నాకైతె ఫస్టు దొరికింది పడవల. వాపుర్ అంటరు దాన్ని. ఎమినోనుల ఎక్కితె ఇరవై నిమిషాలకు ఆసియా ఒడ్డున కాడికోయ్‌ల దించుతది, ఊరు సగం యూరప్‌ల సగం ఆసియాల ఉంది గదా, జనం పొద్దూకి డ్యూటీ దిగి దీంట్లనే ఇంటికి పోతరు. బస్సుకు వాడే ఇస్తాంబుల్ కార్డే దీనికి నడుస్తది. లోపట కూసోకు, బయట బల్లల మీద కూసో. చాయ్ అమ్మేటాయిన పళ్లెం పట్టుకొని తిరుగుతుంటడు, ఎనక సముద్రపు పక్షులు ఎగురుకుంట వస్తుంటయి, జనం సిమిత్ ముక్కలు ఇరిచి పైకి ఎగరేస్తరు. సిమిత్ అంటె నువ్వులద్దిన గుండ్రటి రొట్టె, కడెం లెక్క చేతికి తొడగొచ్చు. నువ్వు ఒకటి కొనుక్కొని సగం ఇరిచి పక్కనున్న చిన్నపిల్లకు ఇయ్యి, వాళ్లమ్మ ఖచ్చితంగ మాట కలుపుతది.

ఇంకో సంగతి, వరస పెట్టి పిలువు. నాకు ఆ ఊరు మన ఊరైపోయింది దీంతోనే. వాళ్లు కూడ మనలెక్కనే తెలియనోళ్లను వరసతోనే పిలుస్తరు, అన్నను ఆబి, అక్కను ఆబ్లా, పెద్దామెను తేయ్‌జె అంటె చిన్నమ్మనే, పెద్దాయినను అమ్జా. ఎక్స్‌క్యూజ్మీ అంటె దారి చెప్పి పోతరు, ఆబ్లా అంటె ఆగుతరు. పని చేసుకుంటున్నోళ్ల పక్క నుంచి పోతె "కోలాయ్ గెల్సిన్" అను, నీ పని సులువుగ అయిపోవాలె అని. కూరగాయలమ్మేటామె కాడ, దర్జీ కాడ, ఊడ్చేటాయిన కాడ, యాడన్న అనొచ్చు. ఇండియా పిల్ల నోట్లకెళ్లి ఆ మాట వస్తె వాళ్ల మొఖం ఎట్ల ఇచ్చుకుంటదో నువ్వే చూస్తవ్. వండి పెట్టినామెకు "ఎలినిజె సాలిక్", నీ చేతులు సల్లగుండాలె అన్నట్టు.

మన పాలమూరోళ్లకు సగం మాటలు ముందే వచ్చు తెలుసా. చాయ్ చాయే, దుకాణం దుక్కాన్, హిసాబ్ హెసాప్, జవాబ్ జెవాప్, దునియా దున్యా, సరే అననీకె తమామ్. హోటల్ల బిల్లు అడగనీకె నేను హిసాబ్ అన్న, ఆయిన హెసాప్ అనుకుంట తెచ్చిచ్చిండు. లేదు అననీకె మాత్రం తల అడ్డం ఊపరు, కనుబొమ్మలు పైకెత్తి "చ్" అంటరు. మన ఊపుడు వాళ్లకు సమజ్ కాదు, జర నోటితోనే చెప్పు.

యాడికెళ్లి వచ్చినవని అందరు అడుగుతరు. ఉత్త ఇండియా అని ఊకోకు, హైదరాబాద్ అని చెప్పు, నిలోఫర్ కథ చెప్పు. నిజాం పెద్ద కొడుకులిద్దరికి 1931ల ఫ్రాన్స్‌ల పెండ్లి చేసిన్రు, ఇద్దరు పెండ్లిబిడ్డలు దుర్రుషెహ్వార్, నిలోఫర్ ఇస్తాంబుల్‌ల పుట్టినోళ్లే, టర్కీ సుల్తాన్ల ఇంటోళ్లు. నువ్వు ఏడాది పిల్లవున్నప్పుడు పానం బాగలేక మహబూబ్‌నగర్ నుంచి నిన్ను ఎత్తుకొని పోయింది ఆ నిలోఫర్ పేరు మీదున్న దవాఖానకే, వారం రోజులున్నం. నేను గీ మాట ఒక పెద్దామెకు ట్రాన్స్‌లేటర్ పెట్టి చూపిస్తె సదివి, కండ్లద్దాలు తీసి, మల్లొకసారి సదివింది.

ఆ పెద్దామె గురించి చెప్పాలె. కాడికోయ్‌ల మోదా అని ఉంటది, సముద్రం ఒడ్డుకు చెట్ల కింద చాయ్ తోట. నేను రోజూ పదకొండింటికి పోయి అదే మూలకు కూసునేదాన్ని, రోజుకొక కొత్త జాగ చూడకు బిడ్డా, ఒకటే కాడికి ఒకటే టైముకు పో, మూడోనాడు చాయ్ తెచ్చే పోరడే తల ఊపుతడు. పక్క టేబుల్ కాడ ఆమె స్కార్ఫ్ అంచుకు సూదితోని పూలు అల్లుతుండె, ఓయా అంటరట, ఒక్కొక్క పువ్వు జొన్న గింజంత. నేను సంచిలకెళ్లి నా క్రోషా తీసిన. ఆమె చెయ్యి చాపి తీసుకొని, ముందర చూడకుంట ఎనక దిక్కు తిప్పి చూసింది. పని తెలిసినోళ్లు ఎనక ముడులే చూస్తరు గదా. ఒక కాడ వేలు పెట్టి, వదులుగ ఉన్న ముడిని తన సూదితోని గుంజి బిగించి ఇచ్చింది. మాట లేదు ముచ్చట లేదు. తెల్లారి నాకొక సూది తెచ్చింది, ఇప్పటికి నా డబ్బల ఉంది.

ఒకటి ఎరుక పెట్టుకో, గ్లాసు ఖాళీ అయితె మల్ల పోసుకుంట ఉంటరు, సాలు అనుకుంటె చెంచ గ్లాసు మీద అడ్డం పెట్టు. నాకు తెల్వక ఆమె ఇంట్ల ఆరు తాగిన.

ఇంటికి పిలిస్తె ఆడామె ఉన్న ఇల్లయితెనే పో, ముందుగాల అన్నకు లొకేషన్ పంపు. ఉత్తచేతులతోని పోవద్దు, మిఠాయి డబ్బ కొంటపో. చెప్పులు గడప కాడ ఇడిస్తె లోపటికి వేరే చెప్పులు ఇస్తరు, కూసున్నంక చేతులల్ల నిమ్మకాయ వాసన అత్తరు లెక్కది పోస్తరు, కొలోన్యా, మన పెండ్లిళ్ల పన్నీరు చల్లినట్టు. చేతులు రుద్దుకో, వద్దనకు. మసీదుకు పోతె తలకు స్కార్ఫ్ కట్టుకో, నమాజ్ టైంల కాకుండ పోయి ఆడోళ్ల దిక్కు ఒక మూలకు కూసో, అక్కడ కూడ పలకరిస్తరు.

క్రోషా నీకు రాదు గని మైదాకు నీ అంత మంచిగ మనింట్ల ఎవరు పెట్టరు. వాళ్లకు కూడ పెండ్లికి ముందు రాత్రి మైదాకు పండుగుంటది, కినా అంటరు, మన డిజైన్లంటె అమ్మాయిలు చేతులు చాపుకుంట వస్తరు. నాలుగు కోన్లు పెట్టుకో. పంచనీకె పోచంపల్లి బట్ట ముక్కలతోని చిన్న సంచులు పది కుట్టిపెట్టిన, ఆదివారం నారాయణపేట బస్సుకు వచ్చి నీకిచ్చి పోత. అండ్ల ఒకటి నీలం రంగుది వేరే పెట్టిన, అది మోదాల ఆ పెద్దామెకు. పదకొండింటికి పో, చెట్టు కింద మూల టేబులు.

మీ పెద్దమ్మ